మాటకూ బొమ్మకూ మధ్య: పిల్లల బొమ్మల పుస్తకాల్లో శిల్పం

పిల్లల బొమ్మల పుస్తకంలో కథను మాట, బొమ్మ కలిసి మోస్తాయి. బొమ్మలున్న ప్రతి పుస్తకమూ ఈ కోవలోకి రాదు. సచిత్ర కథల పుస్తకంలో బొమ్మలు తీసేసినా కథ అర్థమవుతుంది. అక్కడ బొమ్మ ఒక ఘట్టాన్ని కళ్ళకు కట్టి ఊరుకుంటుంది. బొమ్మల పుస్తకంలో అలా కుదరదు. బొమ్మలు తీసేస్తే మాటలు అరకొరగా మిగులుతాయి, మాటలు తీసేస్తే బొమ్మలకు దారి తెలియదు. ఈ పుస్తకాలు ఎక్కువగా 32 పేజీల్లో వస్తాయి. పెద్ద కాగితాన్ని మడిచి కత్తిరిస్తే 8, 16, 32 పేజీల లెక్క రావడమే అందుకు కారణం. మన ముద్రాపకుల మాటల్లో చెప్పాలంటే పదహారు పేజీల ఫారాలు రెండు. ఇంత ఇరుకు చోట, చాలాసార్లు వెయ్యి మాటలకు లోపే కథ పూర్తి కావాలి. అందువల్ల ఇక్కడ శిల్పానికి బరువెక్కువ. వ్యంగ్యం, దృక్కోణం, పునరుక్తి, రూపకం, మౌనం, పేజీ మలుపు, రంగు వంటి సాధనాలన్నీ ఒకే పనికి ఉపయోగపడతాయి. కథలో తెలియవలసిన సంగతులను అవి మాటకు కొంత, బొమ్మకు కొంత, పేజీ అమరికకు కొంత పంచిపెడతాయి. ఆ మూడింటినీ కలుపుకొని అర్థం చేసుకునే పని పిల్లలది.

ఈ రూపం ఎదిగిన తీరు

పిల్లల చదువు కోసం బొమ్మనూ మాటనూ పక్కపక్కన పెట్టిన తొలి పుస్తకాల్లో ప్రసిద్ధమైనది చెక్ విద్యావేత్త కొమీనియస్ తయారుచేసిన 'ఆర్బిస్ సెన్సువాలియం పిక్టస్'. అది 1658లో న్యూరెంబర్గ్‌లో అచ్చయింది. అందులో బొమ్మ వస్తువును చూపిస్తుంది, మాట దాని పేరు చెబుతుంది, రెండూ ఒకే సంగతి పలుకుతాయి. కథ చెప్పడంలో ఆ రెంటికీ వేరువేరు పాత్రలు ఇచ్చినవాడు ఇంగ్లండుకు చెందిన రాండాల్ఫ్ కాల్డెకాట్. 1878 నుంచి ముద్రాపకుడు ఎడ్మండ్ ఎవాన్స్‌తో కలిసి ఆయన తెచ్చిన రంగుల పుస్తకాల్లో పాత బాలగేయాలకు మాటల్లో లేని పాత్రలు, సంఘటనలు బొమ్మల్లో చేరాయి. ఆధునిక బొమ్మల పుస్తకం కాల్డెకాట్‌తోనే మొదలైందని బొమ్మల పుస్తకాల రచయిత మారిస్ సెండాక్ భావించాడు. అమెరికాలో ఉత్తమ బొమ్మల పుస్తకానికి 1938 నుంచి ఇస్తున్న పతకం కాల్డెకాట్ పేరుమీదే ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో రంగుల ముద్రణ చౌకబడ్డాక ఈ రూపం వేగంగా ఎదిగింది. వాండా గాగ్ 'మిలియన్స్ ఆఫ్ క్యాట్స్' (1928), వర్జీనియా లీ బర్టన్ 'ది లిటిల్ హౌస్' (1942), మార్గరెట్ వైజ్ బ్రౌన్ రాయగా క్లెమెంట్ హర్డ్ బొమ్మలు వేసిన 'గుడ్‌నైట్ మూన్' (1947), ఎజ్రా జాక్ కీట్స్ 'ది స్నోయీ డే' (1962), సెండాక్ 'వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్' (1963) ఈ దారిలో మైలురాళ్ళు. విమర్శ కాస్త ఆలస్యంగా వచ్చింది. బార్బరా బేడర్ 1976లో అమెరికన్ బొమ్మల పుస్తకాల చరిత్ర రాస్తూ పేజీ తిప్పడంలోని నాటకీయతను గుర్తించింది. పెర్రీ నోడెల్మన్ 1988లో బొమ్మ కథను ఎలా చెబుతుందో పూర్తిస్థాయి గ్రంథంగా చర్చించాడు. మరియా నికొలాయెవా, క్యారొల్ స్కాట్ 2001లో మాట–బొమ్మ సంబంధాలను వర్గీకరించారు. నేటికీ ఎక్కువమంది పరిశోధకులు ఆ వర్గీకరణతోనే మొదలుపెడతారు.

మాట, బొమ్మ: పొందిక నుంచి విరోధం దాకా

నికొలాయెవా, స్కాట్ చెప్పిన వరుసలో ఒక కొసన మాటా బొమ్మా ఒకే సంగతి చెప్పే పుస్తకాలు ఉంటాయి. తరువాతి మెట్టులో అవి ఒకదాని ఖాళీని మరొకటి పూరిస్తాయి. ఇంకా ముందుకు వెళితే ఒకటి మరొకదాని అర్థాన్ని పెంచుతుంది. ఆపైన రెండూ వేరువేరు సంగతులు చెబుతూ, కలిసి మూడో అర్థాన్ని పుట్టిస్తాయి. చివరి కొసన ఒకదానికొకటి సంబంధమే లేనట్టు సమాంతరంగా నడిచే కథలున్నాయి. మాటా బొమ్మా కలిసినప్పుడు పుట్టే అర్థం విడివిడి అర్థాల మొత్తం కన్నా పెద్దదని లారెన్స్ సైప్ 1998లో వాదించాడు.

ఈ విషయానికి అందరూ చూపే ఉదాహరణ ప్యాట్ హచిన్స్ 'రోజీస్ వాక్' (1968). పుస్తకం మొత్తంలో ఉన్నవి 32 మాటలు, అవన్నీ ఒకే వాక్యం. రోజీ అనే కోడిపెట్ట దొడ్డి దాటి, చెరువు చుట్టి, గడ్డిమేటు మీదుగా సాగి, భోజనం వేళకు గూటికి చేరుతుంది. మాటలు చెప్పేది ఇంతే. బొమ్మలో మాత్రం మొదటినుంచి ఒక నక్క రోజీ వెంటపడుతూ ఉంటుంది. అది దూకిన ప్రతిసారీ దెబ్బ తింటుంది. చెరువులో పడుతుంది, పిండి మీద పడి తడబడుతుంది, చివరకు తేనెటీగలు తరుముతాయి. నక్క ఊసు మాటల్లో ఒక్కచోటా లేదు. వ్యంగ్యమంటే చెప్పినదానికీ ఉన్నదానికీ మధ్య దూరమే అయితే, ఇక్కడ ఆ దూరం వాక్యానికీ దృశ్యానికీ మధ్య ఉంది. చదివి వినిపించే పెద్దవాళ్ళ గొంతులో నక్క లేదు. ఇంకా అక్షరాలు రాని బిడ్డ కళ్ళకు మాత్రం అది కనిపిస్తుంది. కథలోని అపాయం పెద్దల కన్నా ముందు పిల్లలకు తెలియడం ఈ శిల్పం సాధించిన గొప్ప ఫలితం.

చిత్రం అస్పష్టంగా అనేక అర్థాలు ఇవ్వగలదని, మాట వాటిలో ఒకదాన్ని నిలబెడుతుందని రోలాఁ బార్త్ 1964లో ప్రకటనల గురించి రాస్తూ అన్నాడు. బొమ్మల పుస్తకానికి వచ్చేసరికి ఈ పని రెండువైపులా జరుగుతుంది. మాట బొమ్మను కట్టడి చేస్తుంది, బొమ్మ మాటను సరిదిద్దుతుంది. పైకి చెప్పని అర్థమే కావ్యానికి ప్రాణమని ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వని సిద్ధాంతం తెలిసిన పాఠకులకు ఇది కొత్త కాదు. ఇక్కడి ప్రత్యేకత, చెప్పకుండా వదిలిన అర్థానికి ఆనవాళ్ళు బొమ్మలో కళ్ళెదుటే ఉండటం.

ఎవరి కళ్ళతో చూస్తున్నాం

నవలలో దృక్కోణం ఒక్క గొంతుతో తెలుస్తుంది. బొమ్మల పుస్తకంలో చెప్పే గొంతు ఒకరిది, చూపే కన్ను మరొకరిది కావచ్చు. జాన్ క్లాసెన్ 'దిస్ ఈజ్ నాట్ మై హ్యాట్' (2012) మొత్తం ఒక చిన్న చేప చెప్పుకొనే మాట. అది పెద్ద చేప టోపీ దొంగిలించింది. పెద్ద చేప నిద్రలో ఉందని, లేచినా తనను పట్టుకోలేదని ధీమాగా చెబుతుంది. అదే పేజీలో పెద్ద చేప కన్ను తెరుచుకుంటుంది. తన గుట్టు దాస్తానన్న ఎండ్రకాయ పెద్ద చేపకు దారి చూపిస్తుంది. నమ్మదగని కథకుడు అనే సాధనం ఇక్కడ నాలుగైదేళ్ళ పిల్లలకు అందుబాటులోకి వచ్చింది. చెప్పేవాడి మాటను నమ్మాలా, తమ కంటిని నమ్మాలా అన్న ప్రశ్న వాళ్ళు సొంతంగా తేల్చుకుంటారు.

జాన్ బర్నింగ్‌హామ్ 'కమ్ అవే ఫ్రమ్ ది వాటర్, షర్లీ' (1977)లో ఎడమ పేజీలు సముద్రతీరంలో కుర్చీలు వేసుకు కూర్చున్న అమ్మానాన్నలవి, కుడి పేజీలు షర్లీ ఊహవి. ఎడమవైపు రంగులు పలచన, అక్కడ అమ్మ జాగ్రత్తలు చెబుతూనే ఉంటుంది. కుడివైపు మాట లేదు. అక్కడ ఓడదొంగలు, పోరాటం, నిధి. తల్లీ కూతురూ ఒకే తీరంలో ఉన్నా ఒకే లోకంలో లేరన్న సంగతి పుస్తకం నడుమ మడత వల్ల అర్థమవుతుంది.

ఆంథొనీ బ్రౌన్ 'వాయిసెస్ ఇన్ ది పార్క్' (1998) ఒకే పార్కు షికారును నలుగురి నోట చెప్పిస్తుంది. ఒక డాబుసరి తల్లి, ఉద్యోగం లేని ఒక తండ్రి, వాళ్ళ పిల్లలిద్దరు. ప్రతి గొంతుకూ వేరే అక్షర రూపం, వేరే రుతువు. తల్లి చూసిన పార్కులో ఆకులు రాలుతుంటాయి. చిన్నమ్మాయి స్మడ్జ్ చూసిన పార్కు వేసవి రంగులతో వెలుగుతుంది. వర్గభేదం గురించి పుస్తకం ఒక్క ఉపదేశమూ చేయదు. నలుగురి చూపులనూ పోల్చి చూసిన పిల్లలకు అది తెలిసిపోతుంది.

పునరుక్తి, లయ, శబ్దం

బొమ్మల పుస్తకం చెవికి కూడా సంబంధించినది. చిన్నపిల్లలు దాన్ని మొదట వింటారు, అదే పుస్తకాన్ని పదేపదే చదివించుకుంటారు. అందుకే ఇందులో పునరుక్తి దోషం కాదు, కథను నిలబెట్టే దూలం. డాక్టర్ స్యూస్ 'ది క్యాట్ ఇన్ ది హ్యాట్' (1957)ను 236 వేర్వేరు మాటలతో, 'గ్రీన్ ఎగ్స్ అండ్ హామ్' (1960)ను కేవలం 50 మాటలతో రాశాడు. మాటలు తక్కువైనా ప్రాస, లయ, చిన్నచిన్న మార్పులతో తిరిగొచ్చే వాక్యాలు కథను నడిపిస్తాయి. మైఖేల్ రోజెన్ తిరగరాయగా హెలెన్ ఆక్సెన్‌బరీ బొమ్మలు వేసిన 'వియార్ గోయింగ్ ఆన్ ఎ బేర్ హంట్' (1989)లో పల్లవిలా తిరిగొచ్చే పేజీలు నలుపు తెలుపులో ఉంటాయి. గడ్డి, నీరు, బురద దాటే శబ్దాల పేజీలు రంగుల్లో ఉంటాయి. ఆలోచనకు ఒక తీరు, అనుభవానికి మరో తీరు అన్న తేడా పిల్లలకు కంటితోనూ చెవితోనూ ఒకేసారి అందుతుంది.

గొలుసుకథ పునరుక్తికి మరో రూపం. తెలుగు పిల్లలకు దీని తొలి రుచి ఏడు చేపల కథ. ఎండని చేపను అడిగితే అది గడ్డిమోపు మీద నెపం వేస్తుంది, గడ్డిమోపు ఆవు మీద వేస్తుంది. అలా ఒక్కొక్కరూ నెపం మరొకరి మీదకు నెట్టగా ప్రశ్న చీమ దగ్గరికి చేరుతుంది. కార్యకారణ సంబంధాన్ని ఇంత సులువుగా నేర్పే నిర్మాణం మరొకటి లేదు. పుస్తకంలో ఇలాంటి కథకు పేజీ మలుపు సహజంగా అతుకుతుంది. ప్రశ్న ఒక పేజీలో, జవాబు పేజీ తిప్పాక. ప్రథమ్ బుక్స్ ప్రచురించిన రోహిణీ నీలేకణి రాసిన శృంగేరి శ్రీనివాస్ క్షవరం కథలోనూ జుట్టు కత్తిరించమని అడిగిన కొద్దీ ఒక్కొక్కరూ తప్పించుకోవడమే కథను ముందుకు తోస్తుంది.

శబ్దానుకరణలో తెలుగుకు పెద్ద ఆస్తి ఉంది. జలజల, చిటపట, గలగల, తుర్రుమని, గుటుక్కున, దబ్బున వంటి మాటలు శబ్దాన్నే కాక కదలిక వేగాన్నీ బరువునూ చెబుతాయి. బొమ్మ కదలదు. దాని పక్కన ఇలాంటి మాట పడితే కదలిక వస్తుంది. తూలికా ప్రచురించిన అశోక్ రాజగోపాలన్ 'గజపతి కులపతి' కథలో ఏనుగు తుమ్ము ఒక పెద్ద సంఘటన. ఆ తుమ్ము గొంతెత్తి చదవవలసిన శబ్దం, పేజీ మీద చూడవలసిన ఆకారం కూడా. అక్షరం పరిమాణం, వంపు, చోటు కూడా అర్థంలో భాగం కావడం బొమ్మల పుస్తకానికి మామూలు విషయం.

రూపకం, ప్రతీక

కవిత్వంలో రూపకాన్ని ఊహించుకోవాలి, బొమ్మల పుస్తకంలో చూడవచ్చు. తూలికా తెచ్చిన 'మై మదర్స్ సారీ' (2006)లో సంధ్యారావు మాటలకు నీనా సబ్నానీ నిజమైన చీరల నేతను, రంగులతో గీసిన పిల్లల బొమ్మలను కలిపింది. అమ్మ చీర పిల్లలకు రైలవుతుంది, నది అవుతుంది, దాక్కునే చోటవుతుంది. చీర చీరగానే కనిపిస్తూ మరొకటిగా మారడంలో రూపకం ఎలా పనిచేస్తుందో రెండేళ్ళ బిడ్డకూ తెలుస్తుంది. అట్ట లోపలివైపు కాగితాల మీద చీర కట్టే వరుసను చూపడం వల్ల కథకు బయట ఉన్న చోటు కూడా కథలో చేరింది.

గోండు చిత్రకారుడు భజ్జూ శ్యామ్ 'ది లండన్ జంగిల్ బుక్' (2004)ను చెన్నైలోని తారా బుక్స్ ప్రచురించింది. లండన్‌లో ఒక భోజనశాల గోడల మీద బొమ్మలు వేయడానికి వెళ్ళిన ఆయనకు ఆ నగరం అడవిగా కనిపించింది. బిగ్ బెన్ గడియారం వేళ తెలిపే కోడిపుంజుతో కలిసిపోయింది. రోజూ ఇల్లు చేర్చిన 30వ నంబరు బస్సు నమ్మకమైన కుక్క అయింది. ఒకప్పుడు యూరప్ యాత్రికులు మన దేశాన్ని తమ పోలికలతో వర్ణించారు. ఇక్కడ ఆ చూపు దిశ మారింది. ఎవరి ఉపమానంతో ఎవరిని వర్ణిస్తున్నామన్నది అధికారానికి సంబంధించిన విషయమని ఈ పుస్తకం చెప్పకుండానే చెబుతుంది.

ఆంథొనీ బ్రౌన్ 'గొరిల్లా' (1983)లో హానా అనే పాపకు తీరికలేని తండ్రి ఉన్నాడు. వంటింటి బొమ్మలో చల్లని నీలాలు, గళ్ళు, తండ్రి మొహానికి అడ్డుగా వార్తాపత్రిక. రాత్రి బొమ్మ గొరిల్లా పెద్దదై తండ్రి టోపీ, కోటు తొడుక్కొని పాపను షికారుకు తీసుకెళుతుంది. తెల్లవారాక తండ్రి ఎర్ర చొక్కాతో నవ్వుతూ కనిపిస్తాడు, ఆయన వెనక జేబులో ఒక అరటిపండు ఉంటుంది. రాత్రి జరిగింది కలో నిజమో ఆ అరటిపండు తేల్చదు. తండ్రి ఆప్యాయతకూ గొరిల్లా ఆప్యాయతకూ ముడి మాత్రం వేస్తుంది.

జంతువులకు మనుషుల గుణాలు ఇవ్వడం పంచతంత్రం నాటి నుంచి ఉన్నదే. బొమ్మల పుస్తకంలో దీనికి ఇంకో ప్రయోజనం ఉంది. జంతువుకు కులం, ఊరు, వయసు స్పష్టంగా ఉండవు కాబట్టి ఏ బిడ్డ అయినా ఆ పాత్రలో దూరవచ్చు. మరణం, కోపం, దొంగతనం వంటి బరువైన విషయాలను కొంచెం దూరంగా నిలబెట్టి చూపవచ్చు. అయితే జంతువుల బొమ్మలు ఎక్కువై నిజమైన పిల్లల బతుకులు పుస్తకాల్లో కనిపించకపోతే అది లోటే.

పేజీ, చట్రం, రంగు, కాలం

సెండాక్ 'వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్'లో అల్లరి చేసిన మాక్స్‌ను అమ్మ భోజనం పెట్టకుండా గదిలోకి పంపుతుంది. మొదట బొమ్మ చిన్నది, చుట్టూ తెల్లని అంచు. గది అడవిగా మారే కొద్దీ బొమ్మ పెరిగి పేజీ నిండుతుంది, పక్క పేజీలోకి పాకుతుంది. మృగాలతో మాక్స్ గంతులేసే చోట మూడు జంట పేజీలను బొమ్మలే నింపేస్తాయి, మాట అన్నదే ఉండదు. కోపం తీరాక బొమ్మ తగ్గుతుంది. ఆఖరి పేజీలో బొమ్మ లేదు, తన కోసం ఉంచిన భోజనం గురించిన కొద్ది మాటలే ఉన్నాయి. పిల్లవాడి కోపం పెరిగి, మాటలకు అందని స్థితికి చేరి, చల్లారిన తీరును బొమ్మ కొలతలే చెప్పాయి. మొదట గది కిటికీలో నెలవంకగా ఉన్న చందమామ చివర పున్నమి చందమామ అవుతుంది. భోజనం చూస్తే కొద్దిసేపే గడిచింది, చందమామను చూస్తే రోజులు గడిచాయి. ఆ రెండు కాలాలూ నిజమే.

కాలాన్ని చూపడానికి ఒక్కో పుస్తకం ఒక్కో దారి ఎంచుకుంది. 'గుడ్‌నైట్ మూన్'లో గది పేజీ పేజీకీ చీకటిపడుతుంది. గోడ గడియారం ఏడు గంటల నుంచి ఎనిమిది దాటి పది నిమిషాలకు చేరుతుంది. రంగుల పేజీల్లో ఒక ఎలుకపిల్ల చోటు మారుస్తూ ఉంటుంది. మాటల లయ నిద్రపుచ్చుతుంటే బొమ్మ వెతుకులాటతో బిడ్డను కాసేపు మెలకువగా ఉంచుతుంది. 'ది లిటిల్ హౌస్'లో ఇల్లు దాదాపు ప్రతి పేజీలోనూ ఉన్నచోటే ఉంటుంది, దాని చుట్టూ పల్లె కాస్తా నగరమైపోతుంది. కదలని వస్తువు వల్లనే కాలం కదలిక తెలుస్తుంది. ఎరిక్ కార్ల్ 'ది వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్' (1969)లో వారం రోజులు పేజీల వెడల్పుగా మారాయి. సోమవారం ఒక ఆపిల్‌కు సన్నని పేజీ, శుక్రవారం ఐదు నారింజలకు వెడల్పైన పేజీ. గొంగళిపురుగు తిన్న చోట నిజంగానే రంధ్రం ఉంటుంది. ఎక్కువ, తక్కువ, ముందు, తరువాత అన్నవి వేలికి తగులుతాయి.

రంగు, ఆకారం సాహిత్యంలో విశేషణం చేసే పని చేస్తాయి. మాలీ బ్యాంగ్ 1991లో ప్రచురించిన తన పుస్తకంలో ఎర్ర టోపీ పాప కథను కాగితం ముక్కలతో కట్టి చూపింది. పాప ఒక ఎర్ర త్రికోణం, చెట్లు నిలువు పట్టీలు. పట్టీలు ఏటవాలుగా ఒరిగితే భయం, మొనలు పదునైతే అపాయం, అడ్డగీతలు నెమ్మది. 'ది స్నోయీ డే'లో తెల్లని మంచు మీద పీటర్ ఎర్ర దుస్తులు అతన్ని పేజీకి కేంద్రం చేశాయి. పీటర్ నల్లజాతి పిల్లవాడు. మాటల్లో ఆ ప్రస్తావనే లేదు. మంచులో ఆడుకోవడం ఏ పిల్లవాడికైనా ఉన్న హక్కే అన్నట్టుగా బొమ్మ అతన్ని నిలబెట్టింది. అమెరికాలో నల్లజాతి పిల్లలు పుస్తకాల్లో అరుదుగా, తరచూ వెక్కిరింతగా కనిపించిన కాలంలో ఆ మౌనం బలమైన మాట.

మౌనం, ఖాళీ

రేమండ్ బ్రిగ్స్ 'ది స్నోమాన్' (1978), షాన్ టాన్ 'ది అరైవల్' (2006) మాటల్లేని కథలు. టాన్ పుస్తకం వలసపోయిన మనిషి గురించి. పాత ఫొటో ఆల్బమ్ రంగులో గీసిన ఆ నగరంలోని బోర్డుల మీద కల్పిత లిపి ఉంటుంది. ఏ దేశపు పాఠకుడైనా దాన్ని చదవలేడు. భాష రాని చోట అక్షరం ఎంత అపరిచితంగా ఉంటుందో కథానాయకుడితోపాటు పాఠకుడూ అనుభవిస్తాడు. వర్ణన చేయలేని పనిని మాటల లేమి చేసింది.

బర్నింగ్‌హామ్ 'గ్రాన్‌పా' (1984)లో తాతా మనవరాళ్ళ మాటలే తప్ప కథకుడు లేడు. చివరికొచ్చేసరికి తాత కుర్చీ ఖాళీగా ఉంటుంది. మరణమన్న మాట రాదు. క్లాసెన్ చేప కథలో కూడా రెండు చేపలూ నాచు గుబురులోకి వెళ్ళాక మాట ఆగిపోతుంది. పెద్ద చేప టోపీతో తిరిగొస్తుంది. లోపల జరిగినదాన్ని ప్రతి పాఠకుడూ తన వయసుకు, ధైర్యానికి తగ్గట్టు పూరించుకుంటాడు. ఇలాంటి ఖాళీలు చూసి పెద్దలు కంగారుపడి అర్థం విడమరచి చెబుతుంటారు. అలా చెప్పేస్తే ఆ పుస్తకం తన పని చేయలేదు.

కథ గురించిన కథ

తెలిసిన కథను తిరగేయడం, పుస్తకం పుస్తకమేనని గుర్తుచేయడం కూడా ఈ రూపంలో సాగాయి. డేవిడ్ వీస్నర్ 'ది త్రీ పిగ్స్' (2001)లో తోడేలు ఊదితే పందిపిల్ల ఇల్లుతోపాటు కథ చట్రం నుంచే బయటపడుతుంది. పందులు పేజీని మడిచి కాగితం విమానం చేసుకొని ఎగిరిపోతాయి. వేరే కథల్లోకి వెళ్ళినప్పుడల్లా వాటిని గీసిన శైలి మారుతుంది. డేవిడ్ మెకాలే 'బ్లాక్ అండ్ వైట్' (1990) ప్రతి జంట పేజీలో నాలుగు కథలను పక్కపక్కన నడిపి, అవి ఒకటేనా అన్న ప్రశ్న మిగులుస్తుంది. కథను ఎవరో కట్టారని, కట్టినదాన్ని మార్చవచ్చని తెలియడం చదువుకు పెద్ద మెట్టు. వార్తనూ ప్రకటననూ ప్రశ్నించే చూపు అక్కడే మొదలవుతుంది.

తెలుగు నేల మీద

బొమ్మ చూపిస్తూ కథ చెప్పడం తెలుగునాట పాత విద్య. చేర్యాల నకాషీ కళాకారులు ఎర్రని నేపథ్యం మీద, అడ్డపట్టీలుగా విభజించిన పొడవాటి పటాలపై కులపురాణాలు చిత్రించారు. కథకుడు పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ పాడతాడు. రాబోయే ఘట్టం చుట్టలో దాగి ఉంటుంది. పేజీ మలుపు చేసే పనే అక్కడ పటం విప్పడం చేస్తుంది.

1947 జూలైలో మొదలైన 'చందమామ' తెలుగు పిల్లల కంటికి దృశ్యభాష నేర్పింది. చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్యల బొమ్మలు రూపాన్ని, దుస్తులను, కాలాన్ని నిర్ణయించాయి. నిర్మాణం మాత్రం సచిత్ర కథదే. మాటలు పూర్తి కథ చెబుతాయి, బొమ్మ ఒక క్షణాన్ని ఎంచుకుంటుంది. అయినా బేతాళ కథల మీద శంకర్ వేసిన బొమ్మ, భుజాన శవం, చేత కత్తితో నడిచే విక్రమార్కుడు, నెలనెలా తిరిగొచ్చి పల్లవిలా పనిచేసింది.

మాటా బొమ్మా సమానంగా నడిచే పుస్తకాలు తెలుగుకు ఎక్కువగా అనువాదంగా వచ్చాయి. సోవియట్ ప్రచురణలు, నేషనల్ బుక్ ట్రస్టు నెహ్రూ బాల పుస్తకాలయం, తూలికా, ప్రథమ్ బుక్స్, వీటితోపాటు సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' ఈ కొరత కొంత తీర్చాయి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన డిజిటల్ వేదిక స్టోరీవీవర్‌లో తెలుగు పుస్తకాలు స్వేచ్ఛగా దొరుకుతాయి. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ చేపట్టిన పుస్తకాల వరుస గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు, గోపిని కరుణాకర్ వంటి రచయితల కథలతో దళిత, ముస్లిం, గ్రామీణ పిల్లల బతుకులను బొమ్మలతో సహా ముందుకు తెచ్చింది. పిల్లలకు పుస్తకం తమను చూపే అద్దమూ, ఇతరులను చూపే కిటికీ కూడా కావాలని రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో అన్నది. ఆ మాటకు ఇక్కడ దొరికిన జవాబుల్లో ఇదొకటి.

బొమ్మల పుస్తకాన్ని అనువదించేవారికి బొమ్మ ఒక కట్టుబాటు. బొమ్మలో ఉన్న పండును మరో పండు చేయలేరు. మాటల్లో దాచినదాన్ని బయటపెట్టకూడదు. 'రోజీస్ వాక్' అనువాదంలో నక్క పేరు ఎత్తితే పుస్తకం చచ్చిపోతుంది. తెలుగుకు కలిసొచ్చే సంగతులూ ఉన్నాయి. వాడు, అతను, ఆయన, వారు అన్న తేడాతో, ప్రాంతపు యాసతో, పిలుపు వరసలతో పాత్రల మధ్య దూరాన్ని ఒక్క మాటలో చూపవచ్చు. నలుగురి గొంతుల పార్కు కథ వంటిదాన్ని తెలుగులో చెప్పాలంటే వేర్వేరు అక్షర రూపాలకు తోడు ఈ వనరు కూడా సిద్ధంగా ఉంది. ఒత్తులు, గుణింతాల వల్ల తెలుగు వరుసకు పైనా కిందా చోటెక్కువ కావాలి. ఇంగ్లిషు కోసం వదిలిన ఖాళీలో తెలుగు ఇరికిస్తే అక్షరం చిన్నదై చదవలేనిదవుతుంది. మొదటే తెలుగులో ఆలోచించి, రచయిత, చిత్రకారుడు కలిసి కూర్చొని చేసిన పుస్తకానికి ఈ ఇబ్బంది రాదు. ఆ పుస్తకాలు ఇంకా చాలా రావలసి ఉంది.

పిల్లలు ఎలా చదువుతారు, పెద్దలు ఏం చూడాలి

ఈ సాధనాలు పిల్లలకు అందుతాయా అన్న సందేహానికి ఎవెలిన్ అరిజ్పే, మొరాగ్ స్టైల్స్ 2003లో ప్రచురించిన పరిశీలన జవాబిచ్చింది. బ్రౌన్, సతోషి కితమూరా పుస్తకాలను బడిపిల్లలతో చదివించి, మాట్లాడించి, బొమ్మలు వేయించారు. అక్షరాలు ఇంకా సరిగా చదవలేని పిల్లలు కూడా రంగుల ఆంతర్యాన్ని, దృశ్యంలోని వ్యంగ్యాన్ని, దాగిన వివరాలను పసిగట్టారు. మాటల్లో చెప్పలేనిది గీసి చూపారు. మంచి ప్రశ్న అడిగి ఆగే పెద్దలున్నచోట ఆ చూపు మరింత లోతుకు పోయింది.

నీతి విషయంలో వాదం ఇంకా సాగుతోంది. బ్రౌన్ 'పిగ్గీబుక్' (1986)లో ఇంటిపని అంతా తల్లి మీద వేసిన తండ్రీకొడుకులు పందులుగా మారతారు. సందేశం సూటిగా ఉందని కొందరికి అభ్యంతరం. అయితే వాళ్ళు మారకముందే గోడ కాగితం మీద, తలుపు పిడి మీద, నీడల్లో పంది ఆకారాలు తలెత్తుతాయి. వాటిని వెతికి పట్టుకునే పిల్లలు నీతిని వినరు, కనిపెడతారు. చివర నీతివాక్యం తగిలించిన కథకూ దీనికీ తేడా అదే. తెలుగు బాలసాహిత్యంలో నీతి కోసం కథ రాసే అలవాటు బలంగా ఉంది కాబట్టి ఈ తేడా ఇక్కడ మరింత గమనించవలసినది.

మంచి బొమ్మల పుస్తకాన్ని గుర్తించడానికి ఈ చర్చ నుంచి కొన్ని ప్రశ్నలు తేలతాయి. మాట చెప్పనిది బొమ్మ ఏం చెబుతోంది? పేజీ తిప్పడానికి కారణం ఉందా? బొమ్మ కొలత, రంగు, చోటు మారినప్పుడు కథలో కూడా ఏదైనా మారిందా? గట్టిగా చదివితే వాక్యం నోటికి పడుతుందా? పిల్లలు పూరించుకోవడానికి ఖాళీ మిగిలిందా? ఎవరి బతుకు బొమ్మలో ఉంది, ఎవరిది లేదు? వీటికి జవాబివ్వగల పుస్తకంలో శిల్పం అర్థానికి పైపూతగా ఉండదు, అర్థం దానితోనే తయారవుతుంది. సమీక్షకులు రచయిత పేరుతోపాటు చిత్రకారుడి పేరునూ పనినీ చర్చించడం, బడులు అక్షరంతోపాటు బొమ్మ చదవడాన్ని నేర్పడం, ప్రచురణకర్తలు ఇద్దరికీ సమాన స్థానం ఇవ్వడం జరిగితే తెలుగులో ఈ రూపం అనువాదాల నీడ దాటి సొంతంగా ఎదుగుతుంది.